మైల అంటని తివాచీ

అనకాపల్లి బస్సు టాపు మీంచి తివాచీ చుట్ట దింపుతూంటేనే రాజ్యానికి సంగతి అర్థమైపోయింది. ఎండ తగిలిన చోటల్లా అది తళతళ మెరుస్తోంది. గొర్రె ఒంటి మీద పుట్టిందేదీ అలా మెరవదు. పట్టు మెరుస్తుంది, చేప పొట్ట మెరుస్తుంది, తోమిన ఇత్తడి చెంబు మెరుస్తుంది. ఊలు మాత్రం వెలుతురుని లోపలికి తాగేసి ఊరుకుంటుంది.

వీధరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడి, ఆ చుట్ట కూలివాడి నెత్తి మీదకెక్కడం ఆవిడ చూసింది. దానికి ముందు నడుస్తున్న మొగుడు వేంకటరమణమూర్తి మొహంలో, పెళ్ళివారిని విడిదికి తోడుకొస్తున్న పెద్దమనిషి కళ కూడా చూసింది. అప్పటికే ఒళ్ళు మండడం మొదలైంది.

"ఊలేనా?" అంది, ఆయన మెట్టెక్కకముందే.

"కాళ్ళేనా కడుక్కోనీవే."

"ఊలేనా అని అడుగుతన్నాను."

"ఊలుని మించింది" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ. "నైలాను. విశాఖపట్నం హార్బరులో ఓడవాడి దగ్గర కొన్నాను. మన జిల్లాలో ఎవరింట్లోనూ ఉండదు ఇలాంటిది. పట్టుకు చూడు, పిల్లి వీపులా ఉంది."

రాజ్యం పట్టుకు చూడలేదు. ఏలూరు తివాచీ, అచ్చం ఊలుది, రంగు ఏదైనా సరే, పాతదైనా సరే అని ఆవిడ ఆయనకి వంటింట్లో చెప్పింది, గుమ్మంలో చెప్పింది, బస్సు కదులుతూంటే కిటికీ దగ్గరకెళ్ళి మరీ చెప్పింది. చెప్పినదానికల్లా ఆయన తలూపాడు. ఆయన తల ఊపడం వేరు, వినడం వేరు.

వేంకటరమణమూర్తి చెడ్డవాడు కాడు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఒక్కరుంటే బాగుండేది, రాజ్యం కసి వాళ్ళ మీద తీర్చుకుని పడుకునేది. చోడవరం మునసబు కోర్టులో గుమాస్తా ఆయన. తాతలనాటి సరిహద్దు తగాదాల కాగితాలు చదివి చదివి, పాతదంటే ఆయనకొక విరక్తి పుట్టింది. కొత్త వస్తువు కనబడితే చాలు, చంటిపిల్లాడైపోతాడు. ఊళ్ళో మొదటి ప్లాస్టిక్ సబ్బుపెట్టె ఆయనదే. నయాపైసలు వచ్చిన కొత్తలో, మెరుస్తున్నాయని ఓ గుప్పెడు గాజు సీసాలో పోసి బల్ల మీద పెట్టుకున్న మనిషి.

ఇక రాజ్యం. ఆవిడది విజయనగరం. ఊళ్ళకి ఒక్కోదానికి ఒక్కో చప్పుడుంటుంది. కొన్ని ఊళ్ళు మగ్గాల చప్పుడుతో లేస్తాయి, కొన్ని ఓడ కూతతో లేస్తాయి. రాజ్యం చిన్నప్పటి విజయనగరంలో పొద్దున్నే ఏ సందులో నడిచినా, ఏదో ఒక కిటికీలోంచి ఫిడేలు పలికేది. తండ్రి కాంపౌండరు. పక్కింటి పంతులుగారికి మందులిచ్చి, బదులుగా కూతురికి ఫిడేలు చెప్పించుకున్నాడు. పద్నాలుగో ఏట పెళ్ళైతే ఆ ఫిడేలు కూడా సారెతోపాటు చోడవరం వచ్చింది. వచ్చి అటకెక్కింది. వద్దన్నవాళ్ళు లేరు, వాయించమన్నవాళ్ళూ లేరు. ఇద్దరాడపిల్లలు పుట్టి, పెరిగి, కాపరాలకి వెళ్ళేదాకా అది అటక మీదే ఉంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆవిడే నిచ్చెన వేసుకుని దింపుకుంది. తీగలు చిలుమెక్కాయి. కమానుకి కట్టిన గుర్రపు వెంట్రుకలు పురుగు కొట్టేశాయి. పురుగుకి గుర్రం వెంట్రుకైనా గొర్రె బొచ్చైనా ఒకటే, సంగీతంతో దానికేం పని లేదు.

కొత్త తీగలు వేయించుకుని, తలుపు దగ్గరగా వేసుకుని వాయించుకుంటూంటే, ముందు వీధివాళ్ళు విన్నారు, తరవాత పిల్లల్ని పంపారు. ఆ పిల్లల్లో చాలామంది పెళ్ళిచూపులకి ఓ కీర్తన వస్తే చాలనుకునేవాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఫిడేలు తలుపు కీలులా ఏడ్చేది. ఆ ఏడుపు వినీ వినీ రాజ్యం విసిగిపోయిన రోజుల్లో పైడితల్లి వచ్చింది.

కె.కోటపాడు దగ్గర పల్లెలో చెరకు పండించే గణపతిరావు కూతురు పైడితల్లి. ఆయన గట్టు తగాదా మీద కోర్టుకొచ్చి, గుమాస్తాగారి కోసం ఈ ఇంటి అరుగు మీద కూచున్నప్పుడు, వెంటొచ్చిన గుంట కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయింది. తగాదా వాయిదా పడింది, తండ్రి లేచాడు, ఆ పిల్ల లేవలేదు. ఆఖరికి బెల్లం దిమ్మ ఒకటి అరుగు మీద పెట్టి, "దీనికి ఆ వాయించడం నేర్పండమ్మగారూ, ఇంటికాడ పీకల మీద కూకుంటంది" అన్నాడు గణపతిరావు. కమాను చేతికిచ్చిన మొదటి రోజే పైడితల్లి మణికట్టు ఒదులుగా ఉంచింది. చెప్పలేదు, చూపించలేదు, దానంతట అదే. ఆ ఒదులు కోసం పంతులుగారు రాజ్యం వేళ్ళ మీద ఎంతకాలం బెత్తంతో కొట్టారో ఆవిడకే తెలుసు. ఆ పిల్లని వచ్చే ఏడు విజయనగరం సంగీత కళాశాలకి పంపాలని ఆ రోజే మనసులో అనుకుంది. ఇంకెవరితోనూ అనలేదు.

చిక్కల్లా ఇంట్లో ఉంది. మూర్తి తల్లి మంగాయమ్మ వైధవ్యం వచ్చిన దగ్గర్నుంచి మడి మనిషి. పెరట్లో నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతో సావిడి దాటి ఇవతలి గదిలో దేవుడి దగ్గరకి రావాలి. ఆ సావిడిలోనే పాఠాలు. ఇంట్లో అంతకన్నా వేరే చోటు లేదు. ఉన్న నూలు జంపఖానా సావిడి ఈ గోడ నుంచి ఆ గోడకి పరుచుకుంటుంది. ఒక కొస మీద పిల్లలు కూచుంటే, రెండో కొసకి కూడా మైల పాకుతుందని మంగాయమ్మ లెక్క. నూలు అలాంటిది, దేన్నైనా పీల్చుకుంటుంది. పాఠం అయ్యాక జంపఖానా తడపాలి, తడిపితే వానాకాలం ఆరదు, ఆరకపోతే మర్నాడు పాఠం లేదు.

"గచ్చుకి దోషం లేదే" అనేది మంగాయమ్మ. "నీళ్ళు కొడితే శుద్ధి. గచ్చు మీద కూచోబెట్టుకో, నేనొద్దన్నానా?"

అలాగే కూచోబెట్టింది. కానీ రాజ్యానికి మోకాళ్ళ వాతం. గచ్చు చల్లదనం తగిలితే మర్నాటికి కాళ్ళు కదలవు. అందుకని ఆవిడ పీట మీద బొంత మడత వేసుకుని కూచునేది. ఇంట్లో పెద్ద పీట అదొక్కటే. ఒకనాడు గణపతిరావు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, గుమ్మంలోంచి అది చూశాడు. పీట మీద మేష్టరమ్మ, గచ్చు మీద తన కూతురు. అరుగు దిగాక వెనక్కి తిరిగాడు.

"అమ్మగారూ, మా కళ్ళంలో కూలోళ్ళు అలాగే కూకుంటారు కిందని, నేను మంచం మీద కూకుంటాను. నాకు తెలుసు అదేటో. మా గుంటకి నువ్వు పట్టుపరుపు ఎయ్యక్కర్లేదు. నువ్వు కూకున్నదాని మీద అది కూకుంటే సాలు. లేదంటే నేను తీసుకుపోతాను, ఏటీ అనుకోకు."

రాజ్యం ఏమీ అనుకోలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు కనబడలేదు. అదే ఆవిడ బాధ. అత్తగారు అన్నదాంట్లోనూ తప్పు కనబడేది కాదు, ఆవిడ పద్ధతిలో ఆవిడ నడుస్తోంది. మరి తప్పెక్కడుందో, దాన్ని పట్టుకుని నాలుగు అంటించడానికి వీలు లేకుండా ఎక్కడ దాక్కుందో తెలియక, ఆవిడ వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి దించేది.

అప్పుడు మంగాయమ్మే తోవ చెప్పింది. "ఊలుకి మైల లేదు" అంది వత్తులు చేసుకుంటూ. నిజమే, మడికి కట్టుకునే ధావళి ఊలుదే. ఎవరు తాకినా దానికేం అంటదు. గొర్రె బొచ్చుకి ఆ గౌరవం ఎవరిచ్చారో ఏ పుస్తకంలోనూ సరిగ్గా దొరకదు. చలిదేశాల నుంచి వచ్చిన అలవాటని కొందరంటారు, రోజూ తడపడం కుదరక పెట్టుకున్న వీలని కొందరంటారు. ఏమైతేనేం, మంగాయమ్మ మాట మాటే. ఊలు పరిస్తే దాని మీద ఎవరు కూచున్నా, తను మడితో దాని మీంచే నడిచి వెళ్తుంది.

ముందు గొంగడి వేసి చూసింది రాజ్యం. గొంగడి బొచ్చు గుచ్చుకుని పైడితల్లి కాళ్ళ నిండా దద్దుర్లు లేచాయి. ఆ వేళ వాయించిన దాని కన్నా గోక్కున్నదే ఎక్కువ. అందుకని మెత్తని ఊలు తివాచీ. అందుకని ఏలూరు. అందుకని మొగుడికి అన్నిసార్లు చెప్పడం. గణపతిరావు వచ్చే లక్ష్మివారం కూతుర్ని తీసుకొస్తానన్నాడు. ఆ వేళ తివాచీ ఉంటే పాఠం, లేకపోతే లేదు.

వచ్చింది నైలాను.

సావిడిలో చుట్ట విప్పాడు మూర్తి. ఎర్రటి ఎరుపు మీద పసుపుపచ్చ పువ్వులు. అలాంటి పువ్వులు ఏ దేశపు చెట్టుకీ పూయవు. మంగాయమ్మ దూరంగా నిలబడి చూసింది.

"ఒరే, ఇది గొర్రె బొచ్చేనా?"

"అంతకన్నా మంచిదమ్మా. పురుగు పట్టదు, రంగు వెలవదు, ఉతికితే గంటలో ఆరిపోతుంది."

"గొర్రె బొచ్చేనా కాదా?"

"గొర్రెకి దీనికి సంబంధం లేదు" అన్నాడాయన గర్వంగా. "ఇది మనిషి బుర్రలోంచి పుట్టింది."

మంగాయమ్మ కోడలి చేత అంచు నుంచి ఓ పోగు లాగించి, దీపం దగ్గర పెట్టించింది. ధావళి కొనేటప్పుడు ముసలమ్మలందరూ చేసే పనే అది. ఊలైతే నెమ్మదిగా కాలి, మాడిన వెంట్రుక వాసన వేస్తుంది. ఇది కాలలేదు. ముడుచుకుని, కరిగి, నల్లని ఆవగింజ అయింది. పచ్చి కూర అడుగంటినట్టు వాసన వేసింది.

"ఇది బట్ట కాదు, లక్క" అంది మంగాయమ్మ. తీర్పు అయిపోయింది.

"వెనక్కిచ్చేసి ఊలుది తెండి" అంది రాజ్యం.

"ఎవడికి ఇమ్మంటావు? ఓడ ఈ పాటికి రంగూను దాటుంటుంది."

"ఊలుది తెమ్మన్నాను కదండీ. ఊలు. ఆ ఒక్క మాట మీకు ఏ చెవిలోంచి పోయింది?"

"నీ కోసమేగా తెచ్చేను. పురుగు కొట్టేసిందని ఆ గుర్రం వెంట్రుకల కోసం ఏడ్చింది నువ్వు కాదూ?"

ఆవిడ ఏడ్చిన మాట నిజం. ఆయన అది గుర్తుపెట్టుకున్న మాటా నిజం. చెప్పిందంతా మర్చిపోయి, చెప్పనిది ఒక్కటి గుర్తుపెట్టుకునే మొగుణ్ణి ఏమని తిట్టాలో ఆవిడకి ఎప్పుడూ తెలియలేదు.

మూర్తి ఊరుకోలేదు. కోర్టు మనిషి కదా, పైకోర్టుకి వెళ్ళాడు. పక్కవీధిలో ఉండే మేనమామ, మంగాయమ్మ తమ్ముడు అనంతపద్మనాభంగారిని పిలుచుకొచ్చాడు. సంస్కృతం పండితుడిగా రిటైరైన మనిషి ఆయన. వాదన దొరికితే భోజనం మర్చిపోతారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, తివాచీ చుట్టూ నడిచారు.

"దేనితో చేసేరురా దీన్ని?"

"బొగ్గు, నీళ్ళు, గాలి మావయ్యా. పత్రికలో చదివేను. ఆ మూడింటితోనే."

అనంతపద్మనాభంగారి మొహం వెలిగింది. "అక్కయ్యా, విన్నావా? బొగ్గు అగ్ని శేషం. అగ్నికి మైల ఉందా? లేదు. నీళ్ళు, లోకంలో శుద్ధి అంటేనే నీళ్ళు. గాలి, దాన్ని ముట్టుకున్నవాడు లేడు. ఈ మూడూ కలిస్తే పుట్టింది మైల పడ్డం ఎలాగ? నీ ధావళి సంగతి చూస్తే, గొర్రె ఎక్కడ పొర్లిందో, ఎవడు కత్తిరించేడో. న్యాయం ఆలోచిస్తే ఇదే మడి."

"ఆ బొగ్గు ఎవడు తవ్వేడు?" అంది మంగాయమ్మ.

"ఎవడో తవ్వుంటాడు."

"నీళ్ళు ఎవడు తోడేడు?"

"అదీ ఎవడో ఒకడు. గాలిని మటుకు ఎవడూ తోడలేదు కదే."

"అయితే గాలి మటుకు పరుచుకోండి."

మూర్తి నవ్వాడు. అనంతపద్మనాభంగారు నవ్వలేదు, పట్టు బిగించారు. వాదన మధ్యాహ్నం దాకా సాగింది. బొగ్గు గనులెక్కడున్నాయి, సముద్రం దాటి వచ్చినదానికి ప్రాయశ్చిత్తం ఉందా, ఓడలో దాన్ని ఏ సరుకు పక్కన పెట్టారు, ఇలా ప్రపంచమంతా తిరిగొచ్చారు. రాజ్యం వాళ్ళకి కాఫీలు అందిస్తూ వింది. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. పాఠం చెప్పేది తనేనని, కూచోవలసిందీ తనేనని, లక్ష్మివారం దగ్గర పడుతోందని ఒక్కరికీ పట్టలేదు. ఆఖరికి గ్లాసులు తీస్తూ అంది.

"మావయ్యగారూ, మీ మాట ఖాయమైతే, రేపు సంధ్యావందనం దీని మీద కూచుని చెయ్యండి. అత్తయ్యగారు చూసి నమ్ముతారు."

అనంతపద్మనాభంగారు కళ్ళజోడు ముక్కు మీదకి దించుకున్నారు. "నాకు... రోలుగుంటలో పనుందే అమ్మాయ్, రేపు" అని కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే రాజ్యం తోవ తనే వెతుక్కుంది. మూర్తి పనిచేసే కోర్టులో వాదించే వకీలుగారి భార్య లక్ష్మీసుందరి ఇంట్లో, హాలులో, ఒక ఏలూరు తివాచీ ఉంది. ఆవిడ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. ముదురు ఎరుపు, మధ్యలో నీలం పతకం. తివాచీల లోకం పెద్దది. ఒంటెల మీద బతికే దేశాల్లో తివాచీయే ఇల్లు, అది పరిచిన చోటే ఊరు. ఆ దేశాల నుంచి ఎప్పుడో వలస వచ్చినవాళ్ళ చేతిపని ఏలూరులో నిలిచింది. అక్కడి నుంచి దొరల బంగళాలకి, వకీళ్ళ హాళ్ళకి పాకింది. లక్ష్మీసుందరికి ఆ చరిత్రతో పని లేదు.

"ఇదేవిటండీ, దులిపి దులిపి చేతులు పడిపోతన్నాయి" అని ఎప్పుడు వెళ్ళినా అనేది. "దుమ్ము, పురుగు. మా మద్రాసు చెల్లెలింట్లో అన్నీ మెరుస్తుంటాయి."

రాజ్యం పనిమనిషి చేత నైలాను చుట్ట మోయించుకుని వెళ్ళింది. లక్ష్మీసుందరి అది విప్పకముందే చేత్తో నిమిరి, "ఎక్కడిదండీ ఇది?" అంది. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. మాటలో మాటగా రాజ్యం పాత తివాచీ అడిగింది. "ఇది పట్టుకుపోతారా? నిజంగానా? మా వారు చూసేలోగా పట్టుకుపొండి" అంది లక్ష్మీసుందరి. అవతలావిడ ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని ఇద్దరికీ భయమే. ఇద్దరూ తొందరపడ్డారు.

అయినా రాజ్యం జాగ్రత్తపడింది. వాళ్ళ వంటింట్లోకెళ్ళి, పైనున్న బొచ్చులోంచి ఓ పోగు తీసి పొయ్యి దగ్గర పెట్టింది. మాడిన వెంట్రుక కంపు గుప్పున కొట్టింది. ఆ కంపుకి ఆవిడ నవ్వింది. నైలాను వచ్చిన నాటి నుంచి ఆవిడ నవ్వడం అదే మొదలు.

తివాచీల సంగతి తెలిసినవాడు ఎక్కడైనా, ఏ దేశంలోనైనా, మొదట చేసే పని మూల మడిచి వెనక్కి చూడడం. ముడులు ఎంత దగ్గరగా ఉన్నాయో, పడుగు ఏమిటో, అంతా వెనక్కే ఉంటుంది. పైభాగం కొనేవాడి కోసం, వెనక భాగం తెలిసినవాడి కోసం. మూర్తి వెనక్కి తిప్పలేదు, మెరుపు చూశాడు. అనంతపద్మనాభంగారు తిప్పలేదు, శాస్త్రం చూశారు. రాజ్యమూ తిప్పలేదు. ఆవిడకి కావలసింది తివాచీ కాదు, మైల అంటని జానెడు చోటు. ఓ పోగు కాల్చి చూస్తే చాలనుకుంది.

తివాచీ ఇంటికొచ్చాక మంగాయమ్మ కూడా ఓ పోగు కాల్పించి ఆ వాసన చూసింది. "ఇది ఊలు" అంది. తల ఊపింది. బుధవారం పొద్దున్న స్నానం చేసి, తడిబట్టతో వచ్చి, తివాచీ అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, దాని మీద కాలు పెట్టింది. మెత్తగా ఉందేమో, ఇంకో అడుగు కావాలనే నెమ్మదిగా వేసింది. రాజ్యం తలుపు చాటు నుంచి చూస్తూ, ఊపిరి కూడా చప్పుడు కాకుండా వదిలింది.

పూజైపోయింది. తిరిగి వెళ్తూ, అంచుకున్న కుచ్చులు చిందరవందరగా ఉన్నాయని ముసలావిడ వంగింది. సర్దుదామనుకుంది పాపం. కుచ్చు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. జీవితమంతా దేవుడికి వత్తులు చేసిన వేళ్ళు అవి. చీకట్లో ఇచ్చినా పత్తిని పట్టుకుంటాయి.

"రాజ్యం."

"ఏవిటండీ?"

"ఇది నూలే."

రాజ్యం పరుగెత్తుకొచ్చింది. మూల ఎత్తి వెనక్కి మడిచింది. ఊలు ముడులన్నీ తెల్లటి నూలు పోగుల మీద వేసున్నాయి. ఈ కొస నుంచి ఆ కొసకి, వరసగా, ఒక్కటి తప్పకుండా నూలు. ఆ పోగుల చివర్లే కుచ్చులు. పడుగు నూలు, పైన ఊలు. ఏలూరులో చేసే తివాచీలు అలాగే చేస్తారు, అదేం దాచిన సంగతి కాదు. మూర్తి చెప్పినట్టు విని ఏలూరుదే తెచ్చి ఉన్నా ఇదే వచ్చేది.

"కుచ్చులు కత్తిరించేస్తానండీ" అంది రాజ్యం. అన్నాక తనకే సిగ్గేసింది.

"కుచ్చు కత్తిరిస్తే లోపలిది పోతుందిటే?" మంగాయమ్మ గొంతులో కోపం లేదు. అక్కడే గచ్చు మీద కూలబడింది. మళ్ళీ స్నానం చెయ్యాలి, పూజ మళ్ళీ చెయ్యాలి. "నేనేం చెయ్యనే చెప్పు. కుచ్చు సర్దకుండా పోతే బాగుండును. నా చెయ్యి ఊరుకోదు. చూసేను. చూసేక చూళ్ళేదనుకోడం నాకు రాదు."

రాజ్యానికి అరవాలనిపించింది. ఎవరి మీద? తివాచీ నేసినవాడి మీదా? గొర్రె మీదా? పత్తి చెట్టు మీదా? ఎవరో ఒకరు దుర్మార్గులై ఉంటే ఎంత సుఖంగా ఉండును. తివాచీ చుట్టింది. చుట్టడంలో ఉన్న కోపమంతా చూపించి, బిగించి చుట్టి, గోడకి నిలబెట్టింది.

మర్నాడు లక్ష్మివారం. చెరకు బళ్ళు వరసగా వీధిలో పోతున్నాయి, వాటి వెనకే గణపతిరావు, ఫిడేలు పెట్టె గుండెకి హత్తుకుని పైడితల్లి. గణపతిరావు చెప్పులు అరుగు కింద విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి చూశాడు. గోడకి చేరేసిన తివాచీ కనబడింది. ఖాళీ గచ్చు కనబడింది. పక్కనే పీట, పీట మీద బొంత.

"తివాసీ ఉన్నట్టుంది కదా అమ్మగారూ" అన్నాడు. "మరెందుకు సుట్టేసేరు? మా గుంటొస్తందనా?"

ఆ మాటకి రాజ్యం కళ్ళు మండాయి. ఇదంతా ఈయనకి ఏమని చెప్పాలి? నూలనీ ఊలనీ బొగ్గనీ? చెబితే, ఇన్నాళ్ళూ తన కూతురి మైల గురించి ఈ ఇంట్లో జరిగిన చర్చంతా చెప్పాలి. అది చెప్పడం కన్నా సిగ్గు ఇంకోటి లేదు.

ఆవిడ పీట తీసి గోడవతలకి, వంటింట్లోకి గిరాటేసింది. అది బోర్లాపడ్డ చప్పుడు ఇల్లంతా వినిపించింది. మోకాళ్ళ మీద చేతులు వేసి, ఒక్కో కాలే మడిచి, గచ్చు మీద కూచుంది. రాత్రి చెమ్మ ఇంకా ఆరని గచ్చు. చల్లదనం సూదిలా ఎముకలోకి దిగింది.

"పైడితల్లీ, రా. కూచో."

పిల్ల తండ్రి మొహం చూసింది.

"నేను కూచున్నదాని మీద మీ గుంట కూచుంటే చాలన్నావు" అంది రాజ్యం గణపతిరావుతో, గొంతు కరుగ్గానే. "కూచున్నాను. చూసుకో."

గణపతిరావు ఆవిడ మోకాళ్ళ వైపు చూశాడు. "మరి నీ కాళ్ళో అమ్మా?" అన్నాడు.

"నా కాళ్ళ సంగతి నీకెందుకు బాబూ. ఫిడేలు శ్రుతి చేసుకోవే."

పైడితల్లి ఎదురుగా కూచుంది. బిరడాలు తిప్పుతూంటే పెరటి గుమ్మంలోంచి మంగాయమ్మ తడిబట్టతో, చేత చెంబుతో వచ్చింది. గచ్చు మీద వాళ్ళకి నాలుగడుగుల దూరంలో నడిచి వెళ్తూ, కోడల్ని చూసి ఆగిపోయింది.

"అదేవిటే, పీటేనా వేసుకో. వాతం కదే నీకు."

"పీట ఒకటే ఉంది అత్తయ్యగారూ."

మంగాయమ్మ పైడితల్లిని చూసింది, కోడలి మోకాళ్ళు చూసింది. దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ వేళ గంట మాత్రం వాయించలేదు. పాఠానికి అడ్డమని కాబోలు.

కోర్టుకి బయల్దేరుతూ వేంకటరమణమూర్తి గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "నా నైలాను ఇచ్చేసి తెచ్చుకున్న తివాచీ గోడకి చేరేసుకుని గచ్చు మీద కూచున్నారేవిటి? ఎవరేనా చూస్తే ఏమనుకుంటారు?"

"జరగండి. వెలుతురు అడ్డొస్తన్నారు."

ఆయన జరిగాడు. పైడితల్లి కమాను తీగ మీద పెట్టింది. ఆ మణికట్టు అదే ఒదులు, నీళ్ళలో వేలాడేసిన చెయ్యిలా ఉంది. వర్ణం మొదలైంది. గుమ్మంలో గణపతిరావు చతికిలబడి, తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని, వీధి వైపు తిరిగి విన్నాడు. చరణంలో పిల్ల తొందరపడింది. రాజ్యం ఆపించింది, మళ్ళీ వాయించమంది, మళ్ళీ ఆపించింది. ఆవిడ విసుగంతా ఆ పిల్ల తాళం మీద పడింది, అయినా పిల్ల ఏడవలేదు, సరిచేసుకుంది.

పాఠం అయింది. తండ్రీకూతుళ్ళు వచ్చే లక్ష్మివారం వస్తామని చెప్పి వెళ్ళిపోయారు. రాజ్యం లేవబోయింది. కాళ్ళు లేవలేదు. ఎవర్నీ పిలవాలనిపించలేదు. కూచున్నచోటు నుంచే గోడ దాకా డేకుతూ వెళ్ళి, బిగించి చుట్టిన ఏలూరు తివాచీని రెండు చేతులా వాటేసుకుని, దాని ఆసరాతో నెమ్మదిగా లేచి నిలబడింది. ఇంత గొడవ పడ్డాక, అది ఆవిడకి ఆపాటి పనికొచ్చింది.